ఆఖరి నీళ్ళు ఎవలు పోయాలె

మా వదినె తల్లి పోయిందని కబురొచ్చిన్నాడు ఏడ్చుడుకంటె ముందు నేను చేసిన పని ఏందో చెప్పాల్నంటె ఇప్పటికీ సిగ్గయితది. పాత చీర ఎతికిన. నీళ్ళల్ల నానినా ఫికర్ లేని చీర. ఎందుకంటె ఆమెకు ఆఖరి తానం చేయించేది నేనే. గా మాట మా ఇద్దరి నడుమ ఉండె, మూడో మనిషికి తెల్వదు అనుకున్న.

మా ఇంటాయన పెద్దపల్లి టేషన్ల పాయింట్స్‌మన్. బెల్లంపల్లి టేషన్ కెల్లి మా అన్న ఫోన్ల చెప్పిచ్చిండట, తెల్లారకముందే పోయింది, మాపటీలి నాలుగు గంటల నమాజు అయినంక తీస్కపోతరు, చెల్లెకు జర చెప్పుండ్రి అని. "ఇంకో గంటల ప్యాసింజర్ ఉన్నది, ఎక్కుతవా?" అన్నడు ఆయన. మా అత్త అరుగు మీద చాట పట్టుకొని కూసున్నది. తల గూడ ఎత్తలే.

"వదినె తల్లి సస్తె నీకేం సుట్టరికమే? నీ వదినె ఏడ్సుకుంటది. నువ్వెందుకు ఉరుకుడు?" అన్నది.

అరికాలి మంట నెత్తికెక్కింది. చీర సంచిల పెట్టుకున్న, నా పిల్లగాన్ని ఆమె ముందటనే కూసోవెట్టి బయటవడ్డ. నీకేం తెలుసు ముసల్దానా, ఆమె నన్ను ఎట్ల చూసుకున్నదో, అని తొవ్వంత తిట్టుకుంటనే పోయిన.

మా అవ్వ నా తొమ్మిదో ఏట పోయింది. బాపు లక్సెట్టిపేట దిక్కు మిషన్ బడిల వంట చేసేటోడు, నాకు పద్నాలుగు నడుస్తుంటె ఆయన గూడ పోయిండు. మా అన్న అప్పటికే బెల్లంపల్లి బొగ్గుబాయిల పనికి కుదిరిండు, దిగేటోళ్ళకు దీపాలిచ్చే కాడ. ముసల్మాన్ల పిల్లను ఇష్టపడి, కలిమా చదివి, నిఖా చేసుకొని కంపెనీ క్వార్టర్ల ఉన్నడు. బాపు బతికున్నన్ని దినాలు మా చర్చోళ్ళు వాని పేరు ఎత్తనియ్యలే. బాపు పోయినంక, ఈ పిల్లను ఎవలు సాదాలె అని పెద్దమనుషులు ఒకల మొఖం ఒకలు చూసుకుంట కూసుంటె, మా అన్న వచ్చి నా చెయ్యి పట్టుకొని రైలెక్కిచ్చిండు.

గా క్వార్టర్ల రెండే అర్రలు. ఒకటి అన్నది, వదినెది. ఇంకొకటి వదినె తల్లిది. ఆమెకు కొడుకులు లేరు, వదినె ఒక్కతే బిడ్డ, గందుకే బిడ్డ కాడ ఉండె. నా బొంత ఆమె మంచం పక్కపొంటి పరిసిండ్రు. మొదటి దినం నేను "అత్తమ్మా" అన్న. వరుసకు గదే కదా, అన్నకు అత్త. ఆమె నా గదువ పట్టుకొని, "అత్త ఏందిరా బిడ్డా, అమ్మీ అను. నా బిడ్డ పిలిచినట్టే పిలువు" అన్నది. అయిదేండ్లాయె నేను ఎవల్నన్న గట్ల పిలువక. ఆ దినం పనున్నా లేకున్నా పదిసార్లు అమ్మీ, అమ్మీ అని పిలిచిన.

ఆమె నోట్లె చక్కెర ఉండె. కాలనీల ఎవల పిల్లలకు జరమొచ్చినా, దిష్టి తగిలినా ఎత్తుకొని ఆమె కాడికే ఉరికొచ్చేది. హిందువులు, మా కిరస్తానమోళ్ళు, ఎక్కడెక్కడి కెల్లో బాయిపనికి వచ్చినోళ్ళు, అందరు. ఆమె ఏదో చదివి పిల్లల మొఖం మీద ఊదేది, నెత్తి నిమిరేది, తల్లికి ధైర్నం చెప్పేది. వాళ్ళు పోయినంక దిండు కింద చెయ్యి పెట్టి కొబ్బెర ముక్కో, బెల్లం గడ్డో తీసి నా చేతుల పెట్టి పిడికిలి మూసేది. "నీ ఒక్కదానికే. ఎవలకు చెప్పకు." నేను వెనుకింటికి పోయి గోడ దిక్కు తిరిగి నమిలేది. వదినె చూస్తె ఎట్ల అని భయం. చూస్తె బాగుండు అని గూడ ఉండేది.

కన్నబిడ్డనయితె పొద్దు మాపు తిట్టేది. చాయ్ సల్లారిందంటె తిట్టు, బొంత మడత సక్కగ లేదంటె తిట్టు, నడిస్తె ఇల్లు అదురుతుందని తిట్టు. "ఏం పుట్టుక పుట్టినవే, గాడిదా" అనేది. వదినె తక్కువదా? ఒకటికి నాలుగు అందుకునేది. తల్లీబిడ్డలు గిట్ల లొల్లి పెట్టుకుంటుంటె నేను మూలకు కూసొని ఉల్లిగడ్డలు కోసుకుంట లోపల్లోపల మురిసేది. నేను బంగారు బిడ్డను, కన్నది గాడిద. ఇగ లెక్క కండ్ల ముందట కనవడుతనే ఉండె కదా!

అయినా నా కుళ్ళు పోలే. ఎందుకంటె పగటీలి దాక అంత కొట్లాడి, పొద్దు వాలంగనే ఆమె పోయి వదినె ముందట కూసొని జుట్టు ఇప్పేది. వదినె మాట్లాడకుంట నూనె పెట్టేది. తిట్టినదీ మరిచిపోయేది, తిట్లు తిన్నదీ మరిచిపోయేది. "నేను పెడ్త అమ్మీ" అని నూనె బుడ్డి పట్టుకొని ఎన్నిసార్లు పోయిననో. "వద్దు బిడ్డా, నీకు తక్లీఫ్ ఎందుకు" అనేది. గా తక్లీఫ్ నాకు కావాలె అని ఎట్ల చెప్పాలె?

శుక్కురారం, జుమ్మానాడు తలతానం మాత్రం నాదే. వదినె నెత్తి రుద్దితె మెడ ఇరుగుతది, నీళ్ళు పోస్తె కుండలు గుమ్మరించినట్టు పోస్తది అని ఆమెనే నన్ను పిలిచేది. వెనుకింటి బండ మీద కూసోవెట్టి, కుంకుడుకాయ పులుసు కొట్టి, నీళ్ళు చేతి మీద చూసుకొని జర జర పోసేది. ఆరేండ్లు చేసిన. ఒక జుమ్మానాడు, నాకు పెద్దపల్లి సంబంధం కుదిరినంక, తడి చేతితోని నా చెయ్యి పట్టుకున్నది.

"నీ చెయ్యి మెత్తని చెయ్యి బిడ్డా. నేను పోయిన్నాడు ఆఖరి నీళ్ళు నువ్వే పోయాలె. ఎక్కడున్నా రావాలె. వస్తవా?"

"గట్ల మాట్లాడకు అమ్మీ" అని ఏడ్చిన. వస్తనని చెప్పిన. ఆ ఏడుపుల ఎంత సంతోషం ఉండెనో నాకే తెలుసు. కన్నబిడ్డ ఉండంగ నన్నడిగింది కదా!

ఇగ పెద్దపల్లికి వచ్చినంక మా అత్త నన్ను ఎన్ని మాటలన్నా, తల్లిదండ్రి లేనిదని ఎంత చులకన చేసినా, గా మాట లోపల పెట్టుకొని బతికిన. నన్ను కోరుకున్న మనిషి ఒకతి ఉన్నది, నాకు ఆమె మీద ఒక హక్కు ఉన్నది అని. ఆరేడేండ్లు గట్లనే నడిచింది.

రైలు గోదారి దాటుతుంటె అందరు పైసలు ఇసిరి దండం పెట్టుకుంటుండ్రు. నేను కండ్లు మూసుకొని మా దేవునికీ, ఆమె దేవునికీ ఒక్కటే మొక్కు మొక్కిన, నేను పోయేదాక తానం చేయించొద్దు అని. మనిషి పోయిందనే దుఃఖంకంటె గా ఫికరే ఎక్కువున్నది. ఇంకెవలన్న ముట్టుకుంటరేమో అని ప్రాణం కొట్టుకుంటుండె.

క్వార్టర్ ముందట మొగోళ్ళు మస్తుగ జమైండ్రు. పీనుగను మోసే డోలి మసీదు కెల్లి తెచ్చి గోడకు పెట్టి ఉన్నది. మా అన్న ఎదురొచ్చి "వచ్చినవా చెల్లే" అన్నడు, కండ్లు ఎర్రగున్నయి. వెనుక కెల్లి ఒక ముసలాయన చెప్తుండు, ఆడమనిషి కదా, పరాయి మొగోళ్ళు గోరీల దించొద్దు, కొడుకులు లేరు కాబట్టి అల్లుడే దిగాలె, అల్లునికి హక్కున్నది అని. ఇన్నేండ్లల్ల ఆమెతోని పది మాటలు మాట్లాడినోడు కాదు మా అన్న. బాయికి పోవుడు, వచ్చుడు, పండుడు. వానికి హక్కు! మూడు మాటలు చదివి అల్లుడైండు, ఇగ రెండు చేతులతోని ఆమెను దించుతడు. పోనీ తీయి, నీళ్ళు నావి కదా అని మనసుకు చెప్పుకొని లోపలికి నడిచిన.

లోపల ఆడోళ్ళు నేలంత నిండి కూసున్నరు. నడుమ మంచం మీద తెల్ల చద్దరు కప్పి ఆమె. కూలవడి ఏడ్వాలని నోరు తెరిచిన. నాకంటె ముందు పక్క క్వార్టర్ ఆమె గుండె బాదుకుంట "అమ్మీ, ఓ అమ్మీ, నన్నిడిసి పోతివా" అని అందుకున్నది. గామె కాపోళ్ళామె. ఆమె మొగడు బాయిల తట్టలు మోస్తడు. ఆమెకెట్ల అమ్మీ అయింది? చుట్టు చూస్తె మటన్ దుకాణమాయన పెండ్లాం గూడ గదే పిలుపు పిలుస్తున్నది. నా వస్తువు ఎవలో ఎత్తుకపోయి నా ముందటనే వాడుకుంటున్నట్టు అనిపించింది. నాకు ఏడుపు రాలే. ఒళ్ళు మండింది.

వెనుకింట్ల మూడు రాళ్ళు పెట్టి పెద్ద గంగాళంల నీళ్ళు కాగవెట్టిండ్రు, రేగాకు ఏసి. మసీదు కెల్లి తెచ్చిన చెక్కబల్ల కడిగి బండ మీద పెట్టి ఉన్నది. కాలనీల ఆడోళ్ళు ఎవలు పోయినా తానం చేయించే బీబీ ఒకామె ఉండె, లావాటి మనిషి, ముక్కు సూటిగ మాట్లాడేది. గామె కర్పూరం నలుగగొడుతున్నది. నేను పాత చీర కట్టుకొని, కొంగు బొడ్ల దోపుకొని ఆమె ముందట నిలబడ్డ.

"నీళ్ళు నేను పోస్త. నాకు చెప్పి పోయింది" అన్న.

బీబీ నన్ను కింది కెల్లి మీది దాక చూసింది. "నువ్వు అల్లుని చెల్లెవు కదా? కలిమా చదివినదానివి కాదు. గిది మావోళ్ళు చేసే పని తల్లీ."

"అమ్మీ నా చెయ్యి పట్టుకొని అడిగింది. చచ్చిపోయినోళ్ళ మాట మీకు లెక్క లేదా?" అన్న. గొంతు పెద్దగైంది. లోపటి ఆడోళ్ళు లేచి వెనుకింటి దర్వాజ కాడికి వచ్చిండ్రు.

పక్క క్వార్టర్ ఆమె ముక్కు చీదుకొని, "నిన్నడిగిందా? నన్నడిగింది" అన్నది. "పోయిన ఎండకాలం మా పిల్లగాని నెత్తి మీద ఊది, ఇగో గీ గోడ కాడ కూసొని చెప్పింది. నీ చెయ్యి మెత్తగుంటది బిడ్డా, ఆఖరి నీళ్ళు నువ్వే పోయాలె అని."

"ఓయమ్మో, అబద్ధాలు!" అని నేను ఎగిరిన. "నీ చెయ్యి మెత్తనా? పొద్దంత పిడకలు చేసే చెయ్యి!"

"లొల్లి పెట్టకుండ్రి" అని మటన్ దుకాణమామె నడుమల వచ్చింది. పాపం ఆమె మంచి మనిషి, తల వంచుకొని మెల్లగ అన్నది, "నాకు గూడ చెప్పింది. రంజాన్ నెలల. నేను ఎవలకు చెప్పొద్దు అనుకున్న."

నేను బీబీ దిక్కు చూసిన, నువ్వన్న న్యాయం చెప్పు అన్నట్టు. గా బీబీ కర్పూరం చేతులు దులుపుకొని నవ్వు ఆపుకోలేక మూతికి కొంగు అడ్డం పెట్టుకున్నది. "నాకూ చెప్పింది. ఎంతమందికో చేసినవ్, నాకు మాత్రం నువ్వు తప్ప ఎవలు ముట్టొద్దు అన్నది. నేను ఇంటికి పోయి నా మొగనికి గూడ చెప్పుకున్న, చూడు నన్నెంత కోరుకుంటదో అని."

ఎవలో ఫక్కున నవ్విండ్రు. చావింట్ల నవ్వు. నాకు మాత్రం భూమి చీలితె అండ్లకు పోదామనిపించింది. నాకంటె ముందు ఎంతమందిని అడిగిందో, నా తర్వాత ఎంతమందినో! గా కొబ్బెర ముక్కలు గూడ ఇంకెన్ని పిడికిళ్ళల్ల పెట్టిందో! నవ్వే ఆడోళ్ళను ఒక్కొక్కల్ని గోకి పెట్టాలన్నంత కోపమొచ్చింది.

గప్పుడు మా వదినె గుర్తుకొచ్చింది. వదినె ఈ లొల్లికి దూరంగ గడప మీద కూసొని తెల్లబట్ట ముక్కలు కుడుతున్నది, తానం చేయించేటోళ్ళు చేతులకు తొడుక్కునే సంచులు. పొద్దటి కెల్లి ఏడ్వలేదట. సూది పెద్ద పెద్ద కుట్లు ఏస్తున్నది. నాకు ఒక్కసారి ఆశ పుట్టింది. ఎంత పాడు ఆశనో చెప్తున్న ఇనుండ్రి. అందర్ని అడిగింది సరే, గాని కన్నబిడ్డను అడిగి ఉండది. మొరటు చెయ్యి అని నాతోనే చెప్పింది కదా! నాకు దక్కకున్నా మంచిదే, వదినెకు మాత్రం దక్కొద్దు.

"వదినే, నీకేమన్న చెప్పిందా అమ్మీ?" అని అడిగిన. జాలిగనే అడిగినట్టు చేసిన.

"లే" అన్నది వదినె.

"ఒక్కసారి గూడ?"

"ఒక్కసారి గూడ చెప్పలే."

నా ప్రాణం లేచొచ్చింది. దేవుడు చూస్తుండని తెలిసి గూడ సంతోషమైంది. వదినె దారం పండ్లతోని కొరికింది, సంచి రెండు దిక్కుల గుంజి కుట్టు చూసుకున్నది, లేచి నిలబడి సంచిలకు చెయ్యి దూర్చుకున్నది.

"నాకెందుకు చెప్తది? నేను కాక ఇంకెవలు పోస్తరు?" అన్నది. కోపం లేదు, గొప్పలు లేవు. పొద్దున వాకిలి ఊడ్చేది ఎవలు అని అడిగితె చెప్పినట్టే చెప్పింది. మల్ల మా దిక్కు తిరిగి, "బీబీ, నువ్వు చెప్పుకుంట ఉండు, నేను చేస్త. మీరు ముగ్గురు నిలబడి ఏం చూస్తున్నరు? చద్దర్లు పట్టుండ్రి. టైమైతలేదా?" అన్నది.

నేను గూడ పోయి చద్దరు కొస పట్టుకున్న.

చెక్కబల్ల చుట్టు చద్దర్లు అడ్డం పట్టి, మేము ముగ్గురం మొఖాలు బయటి దిక్కు తిప్పుకొని నిలబడ్డం. వెనుకకు చూడొద్దు. నా ఎడమకు పక్క క్వార్టర్ ఆమె, కుడికి మటన్ దుకాణమామె. ఒకల మొఖం ఒకలం చూసుకోలే. వెనుక బీబీ చెప్తున్నది, కుడి దిక్కు ముందు, ఇప్పుడు ఎడమ. నీళ్ళ చప్పుడు కోసం చెవులు రిక్కించిన. ఇప్పుడు గుమ్మరిస్తది, కుండలు బోర్లించినట్టు పోస్తది అని ఎదురు చూసిన, తప్పు పడుదామని. చప్పుడు రాలే. సన్నటి ధార, బల్ల మీద కెల్లి నా మడిమెల కాడికి గోరువెచ్చగ పారుకుంట వచ్చింది. దాని నడుమ వదినె గొంతు. "చెయ్యి గట్ల బిగవట్టకు అమ్మీ. ఇడువు. బతికున్నప్పుడు మొండితనమే, ఇప్పుడూ మొండితనమే. ఎవల మాటన్న ఇన్నవా నువ్వు?"

తల్లిని తిడుతున్నది. ఎప్పటి లెక్కనే.

నేను ఆరేండ్లు ఆ ఇంట్ల ఉన్న. ఒక్కనాడన్న ఒక మాట పడలే. ఉప్పెక్కువ ఏసినా ఏమనలే, కుండ పగులగొట్టినా ఏమనలే. నీకు తక్లీఫ్ ఎందుకు బిడ్డా అన్నది. ఇంటికొచ్చిన చుట్టాలతోని గూడ గట్లనే మాట్లాడుతరు కదా అని చద్దరు కొస పట్టుకొని నిలబడ్డప్పుడు నాకు తట్టింది. కండ్లల్లకెల్లి నీళ్ళు గప్పుడు వచ్చినయి. అమ్మీ పోయిందని వచ్చినయని అందరు అనుకున్నరు. మటన్ దుకాణమామె ఒక చేత్తోని నా వీపు నిమిరింది. గా చెయ్యి నిజంగనే మెత్తగున్నది, దానికి ఇంకింత మండింది.

కఫన్ తెల్లబట్ట చుట్టి, అత్తరు పూసి, లోపలి అర్రకు తెచ్చి మొఖం ఒక్కటి ఇడిసిపెట్టిండ్రు. ఇగ మొగోళ్ళు డోలి ఎత్తుతరు, ఆడోళ్ళు ఆఖరిసారి చూసుకోవాలె. ఒక్కొక్కలు వంగి, ఏమన్న తప్పు చేసుంటె మాఫ్ చెయ్యి అని చెప్పి పక్కకు జరగాలె. ముందుగాల బిడ్డ. వదినె వంగి తల్లి చెవి కాడ నోరు పెట్టింది. పొద్దటి కెల్లి ఏడ్వని మనిషి గొంతు గప్పుడు పలిగింది.

"పాలు మాఫ్ చెయ్యి అమ్మీ. నీ పాలు మాఫ్ చెయ్యి."

మా కిరస్తానమోళ్ళల్ల గీ మాట లేదు, నేనెప్పుడు ఇనలే. బీబీ నా పక్క కెల్లి మెల్లగ చెప్పింది, తల్లి పోయేటప్పుడు తాగిన పాలు మాఫ్ చెయ్యమని బిడ్డలు అడుగుతరు, తల్లి ఇడిసిపెడితెనే తీరుతది అని. వదినె రెండోసారి అడిగింది. మూడోసారి అడిగింది. ఎవలు ఆమెను జరగమనలే.

నా వంతు వచ్చింది. వంగిన. ఆమె మొఖం తడి తడిగ, చిన్నగ ఉన్నది. నా నోటి దాక గదే మాట వచ్చింది. వదినె అడిగిన మాటనే అడుగుదామని పెదవులు ఇడిపోయినయి. గాని ఆమె కాడ నేను తాగింది ఒక్క చుక్క లేదు. మాఫ్ చెయ్యమని అడుగనీకి ఏమన్న ఉండాలె కదా.

తప్పులేమన్న ఉంటె మాఫ్ చెయ్యి అన్న. నా వెనుక వచ్చిన పక్క క్వార్టర్ ఆమె గూడ గదే మాట అన్నది.